నిన్నటి గాలి

ఇది రాయడానికి ఎండాకాలం దాకా ఆగాను. ఎండాకాలంలో నాకు ఊపిరి బాగా ఆడుతుంది. ఆర్మూరులో అందరూ ఎండను తిట్టుకుంటూ నీడకు పరుగెత్తే రోజుల్లో నేను మిద్దె మీద నిలబడి గుండెల నిండా గాలి పీల్చుకుంటాను. వానలు మొదలయ్యాక ఎంత రాయగలనో తెలియదు. నాలాగే దమ్ముతో, అంటే ఉబ్బసంతో, బాధపడేవాళ్లు ఎవరైనా చదివితే కాస్త ధైర్యం తెచ్చుకుంటారని ఒక ఆశ. రెండో కారణం ఏర్గట్ల భూమవ్వ. ఆమె గురించి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు.

నా పేరు శైలజ. ప్రైవేటు హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా ఆయన రమేశ్‌ది పసుపు అడ్తి. రైతులు తెచ్చిన పసుపును దగ్గరుండి అమ్మిపెడతారు. మా ఇల్లు మార్కెట్ యార్డు వెనక వీధిలో ఉంది. ఇంట్లో మా అత్తమ్మ, ఇంటర్ చదివే మా అమ్మాయి మేఘన ఉంటారు.

మొదటి వానాకాలం

ఆషాఢంలో మొదలైంది. తొమ్మిదో తరగతికి పాఠం చెబుతున్నాను. మాట మధ్యలో తెగిపోయింది. మళ్లీ అందుకోబోయాను, రాలేదు. పిల్లలు నేను ఏదో గుర్తు తెచ్చుకుంటున్నాననుకుని పెన్నులు పట్టుకుని ఎదురుచూశారు. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

దమ్ము అంటే ఊపిరి అందకపోవడమని అందరూ అనుకుంటారు. నాకు అయింది దానికి తలకిందులు. గాలి లోపలికి పోతుంది, బయటికి రాదు. అప్పటికే నిండిన ఛాతీలోకి ఇంకా ఇంకా కుక్కుతున్నట్టు ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు "గట్టిగా పీల్చు, గట్టిగా పీల్చు" అంటారు. పీల్చడం కాదు నా కష్టం, వదలడం. అది చెప్పడానికి గొంతు ఉండదు.

అత్తమ్మ పొద్దూమాపూ పాలలో పసుపు వేసి ఇచ్చింది. "మన ఇంట్ల పసుపుకు కరువా? తాగు, ఛాతి సాఫైతది" అనేది. తాగాను. ఆవిరి పట్టాను. పక్కవీధి దవాఖానలో సూదులు వేయించుకున్నాను. రెండు రోజులు బాగుండేది, మళ్లీ మొదటికి వచ్చేది.

మా ఆయన మొదట తన బట్టల మీద ఉండే పసుపు దుమ్ము వల్లేమో అనుకున్నారు. యార్డు నుంచి రాగానే వరండాలోనే చొక్కా విప్పేసి, వెనక నుంచి పోయి స్నానం చేసి, అప్పుడు నా దగ్గరికి వచ్చేవారు. వానలో కూడా అట్లాగే చేశారు. ఆ తర్వాత జరిగినవి చెప్పేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదని ముందే రాస్తున్నాను.

దసరా దగ్గర పడింది. మక్క చేలు, అంటే మొక్కజొన్న, కోతకు వచ్చాయి. కమ్మర్‌పల్లి వైపు నుంచి మక్కల ట్రాక్టర్లు వస్తూ పోతూ ఉన్నాయి, రోడ్డు పొడవునా కంకులు ఆరబోశారు. అప్పుడు నాకు బాగా ముదిరింది. మంచం మీద పడుకోలేక కుర్చీలో కూర్చునేదాన్ని. మేఘన నాతో మాట్లాడుతూ నా ముఖం కాకుండా నా ఛాతీ చూడటం నేర్చుకుంది. ఎంత వేగంగా లేచి పడుతోందో చూసి, దాన్నిబట్టి కాలేజీకి పోవాలా వద్దా అని నిర్ణయించుకునేది. పిల్ల కళ్లలో ఆ లెక్క చూడటం జబ్బు కంటే బాధగా ఉండేది.

నిజామాబాద్

ఛాతీ డాక్టరు దగ్గరికి నిజామాబాద్ పోయాం. జనం ఎక్కువ, బెంచీలు తక్కువ. అక్కడ అందరిదీ ఒకే చప్పుడు. ఒకరు దగ్గితే ఇంకొకరికి వస్తుంది. నేను గోడకు ఆనుకుని నిటారుగా కూర్చున్నాను. భుజాలు పైకి లేచి, మెడ వాటిలోకి కుంగిపోయింది. పక్కన కూర్చున్న ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"గట్ల నిటారుగ కూసుంటె దమ్ము బయటికి ఎల్లది బిడ్డా. జర ముందటికి వంగు. మోచేతులు మోకాళ్ల మీద వెట్టు. ఇగ మెల్లగ ఇడువు, వేడి చాయి ఊదినట్టు."

చెప్పడమే కాదు, నా పక్కన తనూ వంగి ఊదుతూ చూపించింది. ఇద్దరం తలలు వంచుకుని అట్లా ఊదుతూ కూర్చున్నాం. కాసేపటికి నా ఛాతీలో ఏదో కొద్దిగా సడలింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏడ్వకు. ఏడిస్తె మల్ల ముక్కు వడ్తది" అంది.

ఆమే భూమవ్వ. ఏర్గట్లలో వాళ్లకు పసుపు, మక్క సాగు. యాభై దాటి ఉంటాయి. తలుపు దగ్గర చాయి ఫ్లాస్కు పట్టుకుని నిలబడిన బక్కపలచని మనిషి ఆమె భర్త గంగారాం. ఆయన కూర్చోడు. ఖాళీ అయిన చోట ఎవరినో ఒకరిని కూర్చోబెట్టేవాడు. మా ఆయన్ను కూడా అట్లాగే పిలిచి కూర్చోబెట్టి, ఫ్లాస్కు మూతలో చాయి పోసి ఇచ్చాడు.

చేతి మీద చిన్న చిన్న గాట్లు పెట్టి మందు చుక్కలు వేసి పరీక్ష చేశారు. నాకు, భూమవ్వకు ఇద్దరికీ ఒకే చోట దద్దుర్లు లేచాయి. డాక్టరు మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. మా ఇద్దరికీ బూజు పడదని చెప్పాడు. ఇంట్లో బూజు కాదు. ఎండిన మక్క ఆకుల మీద, తడిసిన చెత్త మీద, కుళ్లిన దుంపల మీద పెరిగే శిలీంధ్రాల సిద్ధబీజాలు. కంటికి కనబడనంత చిన్నవి. గాలికి లేస్తాయి, ఊరంతా తిరుగుతాయి. నేను పిల్లలకు ఏటా బోర్డు మీద బొమ్మ వేసి చెప్పే పాఠమే అది. బొమ్మ వేసేటప్పుడు అవి నా లోపలికి కూడా వస్తాయని ఎప్పుడూ అనుకోలేదు.

భూమవ్వ బయటికి వచ్చి నా పక్కన కూలబడింది.

"గాలిల ఉన్నదంటున్నడు. గాలి లేని జాగ ఏడున్నదో గది జెప్పలే" అంది.

రోజూ పీల్చే మందు ఇచ్చారు. అత్తమ్మకు అది నచ్చలేదు. "గది ఒక్కసారి మరిగితె ఇగ ఇడువదట" అని చుట్టాలతో అనేది. నేను వంటింట్లోకి పోయి తలుపు చాటున పీల్చుకునేదాన్ని. తర్వాత ఒకరోజు మేఘన ఆ మందు తెచ్చి అందరి ముందు నా చేతిలో పెట్టి, "ఈడనే తీసుకో అమ్మా. దొంగతనమా ఇది?" అంది. అప్పటి నుంచి చాటు మానేశాను.

మిద్దె మీద మిషన్

ఆ చలికాలంలో డాక్టరు ద్వారా కవిత మా ఇంటికి వచ్చింది. హైదరాబాద్‌లో పరిశోధన చేస్తున్న అమ్మాయి. పట్నాల గాలిలో ఏ బూజు ఎంత ఉందో, ఏ కాలంలో పెరుగుతుందో చూడటం ఆమె పని. యార్డుకు దగ్గరగా, చుట్టూ అడ్డులేని మిద్దె కావాలంది. మా మిద్దె చూసి, సిద్ధుల గుట్ట దాకా కనబడుతోందని సంబరపడింది.

నడుము ఎత్తున ఉండే మిషన్ అది. గాలి ఎటు నుంచి వస్తే అటు తిరగడానికి వెనకాల తోక ఉంది. ముందు సన్నని చీలిక. లోపల జిగురు పూసిన గాజుపలక మెల్లగా కదులుతూ ఉంటుంది. చీలికలోంచి పోయిన గాలిలో ఏముంటే అది పలకకు అంటుకుంటుంది.

"ఇది ఎంత గాలి పీలుస్తది?" అని అడిగారు మా ఆయన.

"ఊరికే కూర్చున్న మనిషి పీల్చేటంత సార్" అంది కవిత.

రోజూ పొద్దున పలక మార్చడం నేను నేర్చుకున్నాను. రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టి, ఫోన్‌తో ఫొటోలు తీసి కవితకు పంపేదాన్ని. ఆమె చూసి ఎక్కువో తక్కువో చెప్పేది. మొదటిసారి ఆ సిద్ధబీజాలను చూసినప్పుడు నాకు కోపం రాలేదు. గోధుమరంగు గదల్లా, అడ్డగీతలు నిలువుగీతలతో, ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి. చాలా అందంగా ఉన్నాయి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టినవి ఇవా అని చాలాసేపు చూస్తుండిపోయాను.

డాక్టరు దగ్గరికి వచ్చే మా చుట్టుపక్కల రోగులందరినీ కలిపి కవిత ఫోన్‌లో ఒక గ్రూపు చేసింది. చదువు రానివాళ్లు ఉన్నారని నేను రాయకుండా నా గొంతు రికార్డు చేసి పంపేదాన్ని. "నిన్న గాలిలో బూజు ఎక్కువగా ఉంది. ఈ రోజు కూడా ఎండ, గాలి ఉన్నాయి. కిటికీలు మూసుకోండి, మందు మరవకండి." అంతే. ఆ మిషన్ చెప్పగలిగేది నిన్నటి గాలి సంగతే. రేపటిది ఎవరూ చెప్పలేరు. అయినా నిన్నటిది తెలిస్తే ఈ రోజుకు కొంత జాగ్రత్తపడవచ్చు.

రెండో వానాకాలం

ఆ వానాకాలం నేను బడి ఒక్క పూట కూడా మానకుండా కొన్ని వారాలు గడిపాను. చెడ్డ రోజులు ముందే పట్టుకుంటున్నామనే ధైర్యం వచ్చింది. భూమవ్వ నా మాటలు వినడమే కాదు, మళ్లీ ఫోన్ చేసి అడిగేది.

"ఏమంటున్నది నీ మిషిన్?"

"నిన్న మస్తుగుండె పెద్దమ్మా. ఇయ్యాల చేన్లకు పోకు."

"మరి మక్కలెవలు ఇరుస్తరు? నువ్వొస్తవా?" అని నవ్వేది. నవ్వు దగ్గులోకి పోయేది. కానీ చేనుకు పోకుండా ఆగేది. గంగారాం బాపుతో "టీచరమ్మ వద్దంటున్నది, చేన్లకు నువ్వు వో" అనడం నాకు వినిపించేది.

అప్పుడే ఊళ్లో మాట పుట్టింది. యార్డు పక్కన మిషన్ పెట్టి బూజు పట్టుకుంటున్నారట, ఆర్మూరు పసుపుకు బూజు అని హైదరాబాద్‌లో రాస్తారట, ఇక ఖరీదుదార్లు ఎవరు వస్తారు? ఇది పసుపు మీద పరీక్ష కాదు, ఊరి గాలి మీద అని మా ఆయన చెప్పారు. ఒకసారి కాదు, పదిసార్లు చెప్పారు. కవిత స్వయంగా వచ్చి, ఎక్కువగా కనబడేది చేలలోంచి, చెత్తలోంచి వచ్చే బూజని, ప్రతి ఊళ్లోనూ ఉంటుందని చెప్పింది. యార్డువాళ్లు తలలు ఊపారు. మర్నాడు మళ్లీ అదే మాట. ఆయనతో పాటు కూర్చుని చాయి తాగేవాళ్లు వేరే దుకాణంలో తాగడం మొదలుపెట్టారు.

ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి ఆయనా, హమాలీ ఒకతనూ మిషన్‌ను మెట్ల మీంచి దింపుతున్నారు. దానికి వానకు కప్పే తాటిపత్రి పట్టా చుట్టారు.

"ఈ వానకాలం అయిపోనియ్యి శైలజా. మల్ల పెడ్దాం" అన్నారు.

"వానకాలం కోసమే కదండీ పెట్టింది."

"నాకెర్క లేదా? పది మందిల కూసొని వ్యాపారం చేసెటోన్ని. వాళ్లందరు ఒక్కటైతె నేనేం జెయ్యాలె?"

ఆయన ముఖం చూస్తే, నేను అరిస్తే బాగుండుననుకుంటున్నట్టు అనిపించింది. నేను అరవలేదు. అరిచేంత ఊపిరి నాకు లేదు. మిషన్‌ను గోదాములో ఒక మూల పెట్టారు. కవిత ఇంకో మిద్దె వెతుకుతానంది. అడిగిన చోటల్లా ఆ మాట ముందే పోయి ఉంది.

భూమవ్వ ఫోన్ చేసింది. "నీ మాట వస్తలేదేంది బిడ్డా?"

ఉన్నదున్నట్టు చెప్పాను. "సేటును ఏమనకు. బజార్ల బతికెటోడు, బజారోల్ల మాట ఇనకుంటె ఎట్ల? నీ దమ్ము పైలం" అంది. నాతో ఆమె అన్న చివరి మాట అదే.

ముసురు పట్టి చాలా రోజులు వదల్లేదు. ఒకనాడు పొద్దున వాన వెలిసి ఎండ కాసింది. మధ్యాహ్నానికి గాలి లేచింది. బడిలో నాకు ఛాతీ పట్టేసింది. సెలవు అడిగి ఇంటికి వచ్చి, కిటికీలన్నీ మూసి, మందు పీల్చి, ముందుకు వంగి కూర్చున్నాను. సాయంత్రానికి తేలిక పడింది.

మర్నాడు భూమవ్వ కొడుకు ఫోన్ చేశాడు. తడిసిన కంకులకు ఎండ తగిలిందని ఆమె చేలో వాటిని తిరగేయడానికి పోయిందట. నాకు ఛాతీ పట్టేసిన వేళకే ఆమెకూ పట్టింది. దగ్గరున్న మందు పీల్చింది, ఆగలేదు. ఆటోలో ఆర్మూరుకు తెస్తుంటే ఊరు ఇంకా రాకముందే అయిపోయింది.

ఇద్దరికీ ఒకే రోజు, ఒకే గాలి. నాకు మూసుకోవడానికి కిటికీలు ఉన్నాయి.

ఏర్గట్ల

దినాలకు పోతానంటే ఆయన "నేనూ వస్త" అన్నారు. గంగారాం బాపు వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన అట్లా కూర్చోవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. మమ్మల్ని చూసి లేవబోయాడు. మా ఆయన భుజం పట్టి ఆపి, పక్కనే నేల మీద కూర్చున్నారు.

కోడలు నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఎవరెవరో వచ్చి పోతున్నారు. కాసేపటికి బాపు నా వైపు తిరిగాడు.

"బిడ్డా, ఒకటడుగుత. గా దినం గాలిల ఏముండెనో నీ మిషిన్ల తెలుస్తదా? అప్పటికి మల్ల ఎక్కిచ్చిండ్రేమో అని అడుగుతున్న."

ఆ మిషన్ చేయగలిగిన పని అదొక్కటే. గడిచిన రోజు గాలిలో ఏముందో చెప్పడం. ఆయన అడిగింది సరిగ్గా అదే. నేను నోరు తెరిచాను, మాట రాలేదు. దమ్ము వల్ల కాదు.

"లేదు కాకా" అన్నారు మా ఆయన. "గా దినం మిషిన్ మా గోదాముల ఉండె. నేనే దింపిన."

బాపు ఆయన వైపు తిరిగాడు.

"నువ్వు దింపినవని ఎర్కే సేటూ. గామె జెప్పింది. నిన్నేమనొద్దని గూడ జెప్పింది."

మా ఆయన తల వంచుకున్నారు. భుజాలు కదలడం చూశాను. బాపు ఆయన వీపు మీద చెయ్యి వేశాడు. "మిషిన్ ఉన్నా గామె ఆగకపోవు. మక్కలు తడిసి మొలకలొస్తుంటె ఇంట్ల కూసునేదా?" అన్నాడు. "గా దినం ఏముండెనో తెలిస్తె, గిదీ సంగతి అని మనసుకు జెప్పుకుందును. గంతే."

మిషన్ ఉంటే భూమవ్వ బతికేదా? తర్వాత డాక్టరును అడిగాను, కవితను అడిగాను. చెప్పలేమన్నారు ఇద్దరూ. నాకూ తెలియదు. ముందు రోజంతా ముసురే, తడిలో బూజు గాలికి లేవదు కాబట్టి, తక్కువగా ఉందని చెప్పేదేమో కూడా. తెలియకపోవడంతోనే బతకడం అలవాటు చేసుకుంటున్నాను.

ఇప్పుడు

ఏర్గట్ల నుంచి వచ్చిన మర్నాడు ఆయన హమాలీని పిలవకుండా ఒక్కరే మిషన్ మోసుకుని మిద్దె ఎక్కారు. యార్డులో ఏం చెప్పారో నాతో అనలేదు. కొందరు ఇప్పటికీ ఆయన దుకాణం మెట్టు ఎక్కరు. అప్పట్లో అందరికంటే గట్టిగా వద్దన్న ఒక పెద్దమనిషి మాత్రం చీకటి పడే వేళ వచ్చి, మనవరాలికి దగ్గు తగ్గడం లేదని, కోడలి నంబరు కూడా గ్రూపులో కలపమని అడిగిపోయాడు. కలిపాను.

నేను బాగానే ఉన్నాను. మందు రోజూ పీలుస్తాను. అత్తమ్మ ఇప్పుడు వేళకు తనే గుర్తుచేస్తుంది. ఆయనా నేనూ భూమవ్వ పేరు ఎత్తం. ఒకరోజు పలక మారుస్తుంటే ఆయన పైకి వచ్చి, మిషన్ తోక గాలికి తిరగడం చూస్తూ నిలబడ్డారు. ఏదో అడుగుతారనుకున్నాను. దిగిపోయారు. మా మధ్య కోపం లేదు, కానీ ఆ మెట్ల మీద ఎదురైతే ఇద్దరం పక్కకు తప్పుకుంటాం.

కొత్తగా దమ్ము వచ్చినవాళ్లకు నేను చెప్పగలిగేది కొంచెమే. ముందుకు వంగి కూర్చోండి. వదలడం మీద మనసు పెట్టండి. మందు చాటున పీల్చకండి.

మొన్న వానాకాలం చివర్లో ఒక పొద్దున ఎప్పటిలాగే నా మాట పంపాను. కొద్దిసేపటికే ఫోన్ మోగింది. భూమవ్వ నంబరు. ఆ ఫోన్ ఇప్పుడు గంగారాం బాపు దగ్గర ఉంది. గ్రూపులోంచి తీసేయవద్దని ఆయనే కొడుకుతో చెప్పించాడు. ఎందుకని నేను అడగలేదు.

"బిడ్డా, ఇప్పుడే ఇన్న నీ మాట" అన్నాడు. "ఎక్కువున్నది, పైలముండుండ్రి అన్నవు. మంచిగనే జెప్పినవు గని, మాట మాటకు నడుమ నీ ఊపిరి సప్పుడైతున్నది. నాకు ఇనొస్తున్నది. మందు వీల్చినవా?"

అప్పటికింకా పీల్చలేదు. నా ఊపిరి మారిన సంగతి నాకే తెలియలేదు. మా ఇంట్లో ఎవరూ గమనించలేదు. ఎన్నో ఏళ్లు ఆ చప్పుడు వింటూ బతికిన మనిషి, అంత దూరాన కూర్చుని పట్టుకున్నాడు.

"లేదు బాపూ."

"అయితె వీల్చు. నేను ఫోన్ బంద్ వెట్ట, ఇంటుంట" అన్నాడు.

ఫోన్ బల్ల మీద పెట్టి మందు పీల్చాను. ముందుకు వంగి, మెల్లగా వదిలాను. నా ఊపిరి నెమ్మదించేదాకా ఆయన వింటూనే ఉన్నాడు.